కాలిపోయిన ఐసీ మీద నంబరు లేదు, బావకి ఏం చెప్పను?

విశాఖపట్నం పెదగంట్యాడ నుంచి ఒక యువకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఆ ఉత్తరం సారాంశం ఇది.

ఆయన ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివి ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్నారు. అక్కాబావలు ఉండేది గాజువాకలో. బావ మర్చంట్ నేవీలో ఉద్యోగి. ఇప్పుడు ఓడ మీద ఉన్నారు, వచ్చే నెల ఇంటికొస్తారు. ఆయన మొదటి ఓడలో ఉన్నప్పుడు, పని ముగించి దిగిపోతున్న ఒక సీనియర్ ఇంజనీరు తన టార్చిని ఆయన చేతికిచ్చి వెళ్లారట. యూఎస్‌బీతో చార్జ్ అయ్యే ఎల్ఈడీ టార్చి, లోపల ఒకే ఒక్క 18650 సెల్ (మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే గుండ్రటి లిథియం బ్యాటరీ). రాత్రి షిఫ్టు దిగి వచ్చే దారిలో వీధి దీపాలు సరిగా లేవని ఈ తమ్ముడు అక్కని అడిగి ఆ టార్చి తెచ్చుకున్నారు. ఒక రాత్రి సెల్ తీసి తుడిచి, తిరిగి వేసేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారు చేశారు. ఆ తర్వాత సంగతి ఆయన మాటల్లోనే:

"వెంటనే కాలిన వాసన, సన్నగా పొగ. విప్పి చూస్తే చార్జింగ్ పోర్టు పక్కన ఐదు కాళ్ల చిన్న ఐసీ (చిప్) నల్లబడి పొక్కింది. దాని మీద అక్షరం మిగల్లేదు. ఇప్పుడు సెల్ సరిగ్గా వేసినా లైటు మినుకుమని ఆరిపోతోంది. సెల్ వేడెక్కుతోంది. జగదాంబ దగ్గర ఒక మొబైల్ రిపేరు షాపులో 'నంబరు లేని ఐసీ ఎక్కడా దొరకదు, పడెయ్యండి' అన్నారు. ఇంకో షాపులో 'బోర్డే పోయింది' అన్నారు. అక్కేమో 'అచ్చం అలాంటిదే ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టేద్దాం, మీ బావకి చెప్పకు' అంటోంది. బావ ఒకసారి నలుగురిలో 'వీడి చేతికి పనిముట్టు ఇస్తే అంతే సంగతి' అన్నారు. ఆ మాట గుర్తొస్తే టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. నా దగ్గర 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు ఉన్నాయి. ముందు చార్జింగ్‌కి ఆరు గంటల దాకా పట్టేది, అప్పుడు ఎర్ర లైటు వెలిగేది. సెల్ 2600 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు). ఆ ఐసీ ఏదో ఎలా కనుక్కోవాలి? నేనే మార్చగలనా? బావకి చెప్పాలా?"

సమాధానం:

మిగతావన్నీ తర్వాత. ముందుగా, ఆ సెల్‌ని ఆ టార్చిలో మళ్లీ వేసి చూడకండి. సరిగ్గా వేసినా వేడెక్కుతోందంటే బోర్డులో ఎక్కడో షార్టు ఉంది. దాని గుండా కరెంటు వృథాగా పారుతోంది. సెల్ వోల్టేజీ పడిపోతోంది కాబట్టే లైటు మినుకుమని ఆరిపోతోంది. లిథియం సెల్‌ని అలా షార్టులోకి మళ్లీ మళ్లీ తోస్తే అది మంట దాకా వెళ్లగలదు. సెల్ బయటికి తీసి, రెండు చివర్లకీ ఇన్సులేషన్ టేపు అంటించి, పరుపులకీ బట్టలకీ దూరంగా గచ్చు మీద ఉంచండి.

ఇక షాపువాళ్ల మాట. వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. నంబరు చూసి, అదే నంబరు ఐసీ తెచ్చి వేయడం వాళ్ల పని పద్ధతి. నంబరు చెరిగిపోతే ఆ దారి మూసుకుంటుంది. కానీ ఐసీని గుర్తుపట్టడానికి ఇంకో దారి ఉంది: దాని ఒక్కో కాలూ ఎక్కడికి పోతోందో చూడటం. టార్చి బోర్డులో ఐదు కాళ్ల ఐసీ చేసే పనులు నాలుగైదుకి మించవు. కాళ్ల దారి తెలిస్తే పని తెలుస్తుంది, పని తెలిస్తే దాని బదులు ఏది వెయ్యొచ్చో తెలుస్తుంది.

మీరు రాసిన వివరాలని బట్టి ఇది లిథియం సెల్‌ని చార్జ్ చేసే ఐసీ, 4054 రకం అని నా అంచనా. ఎందుకంటే, అది పోర్టు పక్కనే ఉంది. చార్జింగ్‌లో ఎర్ర లైటు వెలిగేదన్నారు. అన్నిటికంటే నాకు నమ్మకం కలిగించింది మీరు మామూలుగా రాసేసిన ఆ ఆరు గంటల మాట. ఈ రకం ఐసీకి 2 కిలో ఓముల రెసిస్టర్ పెడితే 500 మిల్లీ ఆంపియర్లతో చార్జ్ చేస్తుంది. 2600 ఎంఏహెచ్ సెల్‌కి ఆ లెక్కన అయిదు గంటల పైచిలుకు, చివర్లో కరెంటు తగ్గుతూ వస్తుంది కాబట్టి ఇంకాస్త. అంటే ఆరు గంటలు. పైగా చార్జింగ్ ఐసీ మామూలుగా స్విచ్చితో సంబంధం లేకుండా నేరుగా సెల్‌కే కలిపి ఉంటుంది. సెల్ తిరగబడితే మొదటి దెబ్బ దానికే. ఎల్ఈడీ అయితే ఎదురు దిశలో కరెంటుని పోనివ్వదు, అందుకే మీ ఎల్ఈడీ బతికే ఉండొచ్చు. మినుకుమన్నదన్నారు కూడా.

అంచనా అంచనాయే. కాళ్లు చూసి ఖాయం చేసుకోవాలి. బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. సముద్రం పక్కన ఊరు మనది, టార్చి ఓడల మీద తిరిగింది, కాబట్టి స్ప్రింగు చుట్టూ పచ్చటి చిలుము ఉంటే అదీ పోవాలి. మసి, చిలుము ఉన్న బోర్డు మీద మీటరు రీడింగులు నమ్మలేం. తర్వాత ఐసీని రెండు కాళ్ల వైపు పైకి, మూడు కాళ్ల వైపు కిందికి వచ్చేలా తిప్పుకోండి. కింద ఎడమ నుంచి కుడికి 1, 2, 3. పైన కుడివైపుది 4, ఎడమవైపుది 5. నా అంచనా నిజమైతే 1వ కాలు చార్జింగ్ ఎర్ర లైటు వైపు పోవాలి. 2 గ్రౌండ్‌కి (సెల్ మైనస్ లైనుకి), 3 సెల్ ప్లస్‌కి, 4 యూఎస్‌బీ పోర్టు 5 వోల్టుల లైనుకి పోవాలి. 5వ కాలు ఒక చిన్న రెసిస్టర్ గుండా గ్రౌండ్‌కి చేరాలి. ఆ రెసిస్టర్ మీద 202 అని ఉంటే అర్థం 20 పక్కన రెండు సున్నాలు, అంటే 2000 ఓములు. అది కనిపిస్తే ఆరు గంటల లెక్క పక్కాగా సరిపోయినట్టే.

ఒక జాగ్రత్త. ఐసీ లోపల షార్టయి ఉంటే మీటరు బజర్ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. 2, 3 కాళ్లు రెండూ ఒకే చోటికి పోతున్నట్టు మోగుతుంది. కాబట్టి ఐసీ బోర్డు మీద ఉన్నప్పుడు భూతద్దంతో ట్రాకులని (బోర్డు మీది రాగి గీతలని) కంటితో చూడండి. మీటరుతో ఖాయం చేసుకోవడం ఐసీ తీసేశాకే.

కాళ్లు ఇలా సరిపోకపోతే? 4వ కాలు ఎక్కడికీ పోకుండా, 1వది సెల్ ప్లస్‌కీ, 5వది మిగతా సర్క్యూట్‌కీ పోతుంటే అది వోల్టేజీ రెగ్యులేటర్ కావచ్చు. ఏదైనా కాలు పక్కనున్న కాయిల్‌కి పోతుంటే అది స్విచింగ్ ఐసీ, అంటే వోల్టేజీని మార్చే రకం. ఆ రెండిట్లో ఏదైనా సరే, ఊహించి మాత్రం వెయ్యొద్దు. ఒకే ఆకారంలో వేరే వేరే పనుల ఐసీలు వందలున్నాయి. తప్పుది వేస్తే ఇప్పుడు బతికున్నవి కూడా పోతాయి.

ఇక్కడ ఆగి బావగారి సంగతి మాట్లాడదాం. ఎందుకంటే తర్వాతి అడుగు సోల్డరింగ్ ఐరన్ పెట్టడం. అది ఆయన వస్తువు మీద పెట్టేది.

మీ అక్క మాటలో ప్రేమ ఉంది, మిమ్మల్ని కాపాడుకోవాలన్న తాపత్రయం ఉంది. కానీ కొత్తది కొని పాతదాని చోట పెడితే ఏమవుతుందో చూడండి. మొదటి ఓడ నుంచీ చేతిలో ఉన్న వస్తువు అది. దాని గీతలు, స్విచ్చి నొక్కుడు ఆయన వేళ్లకి తెలుసు. పట్టుకోగానే తేడా తెలిసిపోతుంది. అప్పుడు సంగతి టార్చి దగ్గర ఆగదు. ఇంట్లో ఇద్దరూ కలిసి తన దగ్గర దాచారన్న బాధ మొదలవుతుంది. ఆ బాధ మీకంటే మీ అక్క ఎక్కువ మొయ్యాల్సి వస్తుంది. ఇది మీ అక్కతో నెమ్మదిగా చెప్పండి. ఒప్పుకుంటారు.

ఆయన వచ్చేదాకా ఆగి, బాగుచేసి చేతికిచ్చి అప్పుడు చెప్పడం ఇంకో దారి. ఇందులో మోసం లేదు. పని సవ్యంగా అయితే ఆయన సంతోషించవచ్చు. కాకపోతే, ఐరన్ జారి ఒక ట్రాక్ లేచిపోయిందనుకోండి, అప్పుడు మీరు రెండు సంగతులు చెప్పుకోవాలి: పాడుచేశాను, అడక్కుండా ఇంకా పాడుచేశాను. 'వీడి చేతికి పనిముట్టు ఇస్తే' అన్న మాట మిమ్మల్ని ఇన్నాళ్లుగా గుచ్చుతోంది కదా, ఆ మాటకి మీరే బలం ఇచ్చినట్టు అవుతుంది.

నేనైతే ఇప్పుడే చెప్పడం వైపు మొగ్గుతాను. ఓడలో నెట్ దొరికినప్పుడు చూసుకునేలా వాట్సాప్‌లో ఒక మెసేజ్, రెండు ఫొటోలు చాలు. "బావా, నీ టార్చిలో సెల్ తిరగేసి పెట్టాను. చార్జింగ్ ఐసీ కాలినట్టుంది. లైటు బాగానే ఉందనుకుంటున్నా. ఇలా ఇలా చేద్దామనుకుంటున్నాను, చెయ్యనా? నువ్వొచ్చేదాకా ఆపనా?" ఇంతే రాయండి. మిమ్మల్ని తిట్టుకోకండి, సాకులూ వద్దు. ఆయన కోప్పడొచ్చు. కానీ ఆయన ఓడల మీద పనిచేసే మనిషి. ఏం పోయింది, ఎలా తెలిసింది, ఏం చెయ్యబోతున్నాం అని వరసగా చెప్పే మనిషి విలువ ఆయనకి తెలియకుండా ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. టార్చికి వారంటీ ఉందో లేదో, మాన్యువల్ ఎక్కడుందో తెలిసింది ఆయనకే. ఐరన్ పెట్టిన బోర్డుని సాధారణంగా ఏ కంపెనీ వారంటీలోకి తీసుకోదు.

ఆయన సరే అంటే మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది చాలామందికి తోచదు: కాలిన ఐసీని తీసేసి, దాని చోటు ఖాళీగా వదిలెయ్యడం. లైటు వెలగడానికి చార్జింగ్ ఐసీ అక్కర్లేదు. షార్టు దానిలోనే ఉంటే, అది పోగానే టార్చి మళ్లీ వెలగాలి. పోర్టు మాత్రం పనిచెయ్యదు. సెల్ బయటికి తీసి 18650 చార్జర్‌లో పెట్టుకోవాలి. 4.2 వోల్టుల దగ్గర తనంతట ఆగే చార్జర్, అందులోనూ యూఎస్‌బీతో నడిచేది తీసుకోండి. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడ్డాక కరెంటు లేని రాత్రులు గడిపినవాళ్లకి, పవర్ బ్యాంకుతో చార్జ్ అయ్యే టార్చి ఎంత అక్కరకొస్తుందో చెప్పక్కర్లేదు. అలాంటి చార్జర్ ఉంటే ఆ సౌకర్యం పోదు. మీ చేతిలో ఉన్న పనిముట్లతో ఎక్కువ నమ్మకంగా చెయ్యగలిగింది ఇదే.

ఐసీ తియ్యడం ఎలాగంటే, అది ఎలాగూ పనికిరాదు కాబట్టి దాన్ని కాపాడే పని లేదు. కాపాడాల్సింది కింద ఉన్న రాగి ట్రాకుని. ఫొటో తీసుకుని, ఫ్లక్స్ (సోల్డర్ సాఫీగా పారేలా చేసే పేస్టు) రాసి, మూడు కాళ్ల వైపు, రెండు కాళ్ల వైపు సోల్డర్ సీసం దండిగా పెట్టి, రెండు వైపులా మార్చి మార్చి వేడి చేస్తే ఐసీ కదులుతుంది. కదిలాకే పట్టకారుతో ఎత్తండి. బలంగా లాగితే ట్రాక్ దానితోపాటు వచ్చేస్తుంది. ధైర్యం చాలకపోతే అదే మొబైల్ షాపుకి వెళ్లి "రిపేరు వద్దు, ఈ ఒక్క ఐసీ హాట్ ఎయిర్‌తో తీసివ్వండి" అని అడగండి. వాళ్ల చేతికి అలవాటైన పని అది. పక్కనున్న ప్లాస్టిక్ భాగాలకి, ఎల్ఈడీకి వేడి తగలకుండా వేడి తట్టుకునే టేపు వెయ్యమనండి.

తీశాక మీటరుని డయోడ్ గుర్తు మీద పెట్టి, సెల్ ప్లస్ తగిలే చోటుకీ గ్రౌండ్‌కీ మధ్య రెండు దిశల్లోనూ చూడండి. రెండు దిశల్లోనూ సున్నా దగ్గరే చూపిస్తే షార్టు ఇంకా ఉందని అర్థం. అప్పుడు సెల్ లైనుకి అడ్డంగా ఉన్న చిన్న గోధుమ రంగు కెపాసిటర్‌ని అనుమానించండి. ఒక దిశలో 0.4 నుంచి 0.7 దాకా, రెండో దిశలో అంతకంటే ఎక్కువగానో అసలు లేకుండానో చూపిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. అయినా సెల్ నేరుగా వెయ్యకండి. 10 ఓములు, 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి మధ్యలో పెట్టి, వైర్లతో సెల్ కలపండి. షార్టు మిగిలి ఉన్నా 0.42 ఆంపియర్లకి మించి పారదు. టార్చి స్విచ్చి ఆపి ఉంచి బోర్డు మీద వోల్టేజీ చూడండి. సెల్ వోల్టేజీకి దగ్గరగా ఉంటే బోర్డు బాగున్నట్టు. సున్నా వైపు పడిపోతే అక్కడే ఆపెయ్యండి. ఇదే తరహా జాగ్రత్త ప్రతి కొత్త రిపేరుకీ పనికొస్తుంది. ఆ రెసిస్టర్‌ని పనిముట్ల పెట్టెలో ఉంచుకోండి.

రెండో దారి కొత్త ఐసీ వెయ్యడం. ఖాళీ అయిన చోట్ల మీటరు పెట్టి ఐదు దారులూ నేను చెప్పినట్టే ఉన్నాయని ఖాయమైతేనే. ఎల్‌టీసీ4054, టీపీ4054 ఈ అమరికలోనే వస్తాయి. కొన్నిటి మీద 'ఎల్‌టీహెచ్7' అని మాత్రమే ముద్రించి ఉంటుంది. ఎంసీపీ73831 కాళ్ల వరస కూడా ఇదే, రెసిస్టర్ లెక్కా ఇదే. కాకపోతే దానిలో రకాలున్నాయి. పూర్తి నంబరులో 'టీ' అక్షరం, చిన్న గీత తర్వాత వచ్చే అంకె 2 అయితే 4.20 వోల్టుల దగ్గర ఆగుతుంది. 3 అయితే 4.35. మీ సెల్‌కి కావాల్సింది 2. ఐసీ ఖరీదు పెద్ద లెక్క కాదు, ఒకటికి మూడు తెప్పించుకోండి. వేశాక మొదటి చార్జింగ్ పగలు, మీరు పక్కనే ఉండి పెట్టండి. ఎర్ర లైటు ఆరాక సెల్ కొలిస్తే 4.16కీ 4.24కీ మధ్య ఉండాలి. అంతకు మించితే ఆ పోర్టు వాడకండి. ఐసీ తీసేసి మొదటి దారికి వచ్చెయ్యండి. కష్టమల్లా 25 వాట్ల ఐరన్ మొన అంత చిన్న కాళ్లకి మొద్దుగా ఉండటమే. సన్నటి బిట్టు కొనండి, ముందు ఏదైనా పాత మొబైల్ బోర్డు మీద చెయ్యి అలవాటు చేసుకోండి.

మూడోది బోర్డు మొత్తం మార్చడం. 17, 20, 22 మిల్లీమీటర్ల గుండ్రటి డ్రైవర్ బోర్డులు (ఎల్ఈడీకి కరెంటు అందించే బోర్డులు) ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పోర్టు, స్విచ్చి ఉన్న టార్చిలకి మాత్రం కంపెనీలు తమ బాడీకి తగ్గట్టు బోర్డు చేసుకుంటాయి. కాబట్టి మీదానికి సరిగ్గా కుదరడం అరుదు. కుదిరినా వెలుతురు స్థాయిలు, నొక్కే పద్ధతి మారిపోతాయి. మీ బావగారికి అలవాటైన టార్చి కాకుండా పోతుంది. మెయిన్ కంట్రోలర్ (టార్చిని నడిపే ముఖ్యమైన చిప్) కూడా కాలిపోయిందని తేలితే తప్ప దీని జోలికి వెళ్లొద్దు. ఆ స్థితి వస్తే అసలు మార్చాలో, వద్దో కూడా ఆయనే చెప్పాలి. పనిచెయ్యకపోయినా అలాగే ఉంచుకుంటాననవచ్చు.

చివరగా ఆ సెల్. ఒకసారి షార్టు భరించింది, తర్వాత కొన్నిసార్లు వేడెక్కింది. వోల్టేజీ 2.5 కంటే కిందికి దిగి ఉంటే దాన్ని చార్జ్ చెయ్యనే కూడదు. బాగానే కనిపించినా సరే, బావగారి చేతికిచ్చే టార్చిలో దాన్ని వెయ్యొద్దనే నా మాట. కొత్తది కొనండి. పాతదాన్ని చెత్తబండిలో వెయ్యకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా అప్పగించాలి. చివర్ల టేపు అలాగే ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. కొత్త సెల్ వేసే ముందు టార్చి గొట్టం లోపలి అంచున ప్లస్ గుర్తు ఏ వైపో చూసి, బయటివైపు కనిపించేలా తెల్ల పెయింటుతో ఒక చుక్క పెట్టనా అని బావగారిని అదే మెసేజ్‌లో అడగండి.